ఎడమ చక్రం తొక్కిన సాలు

ట్రాక్టరు తిన్నగా నడపడం నాకు చేతకాదని మా అక్క మొగుడు టీకొట్టులో అన్న మాటకు పాతికేళ్ళు దాటాయి. ఆయన మరిచిపోయి ఉంటాడు. నేను మరవలేదు.

తమిళనాడులో కోవిల్‌పట్టి పక్కన మా రెండు కుటుంబాలకీ కలిపి ఒకే పత్తి చేను, ఒకే ట్రాక్టరు. ఆ బండి వయసులో నాకంటే పెద్దది. ఆ ఏడు ఐప్పసిలో, అంటే దీపావళి నెలలో, వాన వదలగానే గడ్డి పత్తిని మించి లేచింది. మాది నల్లరేగడి. మళ్ళీ వాన పడితే వారం దాకా చేలో కాలు పెట్టలేం. ఆలోపల ట్రాక్టరుకు గుంటక కట్టి తోలకపోతే పంట గడ్డిపాలే. శివకాశి వైపు మబ్బు అప్పుడే నల్లబడుతోంది. నాకు కూర్చోబుద్ధి కాదు, నిలబడబుద్ధి కాదు.

చక్రాలు సాళ్ళ మధ్య సందుల్లో పోవాలి. కుడిది బుద్ధిగానే పోయింది. ఎడమది మాత్రం ప్రతి విడతా మొక్కల్ని తొక్కుకుంటూ పోయింది.

"మా బావమరిది చుక్క ముట్టడు. బండికే తాగిస్తాడు," అన్నాడు బావ టీకొట్టులో. కొట్టంతా నవ్వింది.

"చక్రాల్లో తేడా ఉంది బావా."

"ఏంటికి ఉంటాది? మనమే కదా కొలిచింది. బండి నడుమ నుంచి ఆ పక్క మూడు జానలు, ఈ పక్క మూడు జానలు."

అప్పుడు తట్టింది. ఎడమ పక్క కొలిచింది నేను, కుడి పక్క ఆయన. ఆయన చెయ్యి చేటంత ఉంటుంది.

ఒకే తాడుతో రెండు పక్కలా కొలిచాను. ఎడమ చక్రం నాలుగు వేళ్ళు లోపలికి ఉంది. రిమ్ము లోపల చుట్టూ వెల్డింగు చేసిన చెవులుంటాయి, మధ్యలోని డిస్కు బిగిసేది వాటికే. కుడి రిమ్ముకు అవి లోపలి అంచు దగ్గర ఉన్నాయి, ఎడమదానికి బయటి అంచు దగ్గర. కిందటేడు విరుదునగర్‌లో పంక్చరు వేసినవాడు రిమ్మును తిరగేసి టైరు ఎక్కించాడన్నమాట.

బస్సెక్కి విరుదునగర్‌కు వాణ్ణి అడగడానికే పోయాను.

"రిమ్ముకు ఏదయ్యా ముందు, ఏదయ్యా వెనక? గాలి నిలిచిందా, లేదా?" అన్నాడు పంక్చరు కొట్టాయన అరవంలో, స్టూలు మీంచి లేవకుండానే. టైరు విప్పాలంటే నాలుగు రోజులు ఆగమన్నాడు.

మబ్బు ఆగుతుందా? తిరిగొచ్చి, టైరు విప్పకుండానే, రిమ్మును టైరుతో సహా తిప్పి డిస్కుకు బిగించాను. సందు సరిపోయింది. కానీ టైరు మీద నేలను పట్టే పట్టీలు వెనక్కి తిరిగాయి, తడి ఉన్నచోటల్లా చక్రం జారుతోంది.

"పనిలో పనిగా స్టీరింగు కూడా వెనక్కి పెట్టుకోరా," అన్నాడు బావ గట్టు మీంచి.

అన్నానికీ దిగలేదు. జారినచోట గుంటక పైకెత్తి, దాటించి, మళ్ళీ దించుకుంటూ తోలాను. ఒక్క మొక్క నలగలేదు. ఆరు సాళ్ళు మిగిలాయనగా వాన మొదలైంది.

బండిని గట్టెక్కించి, నేల దిగబడేలోపే అక్క, నేను గడ్డి చెక్కే దోకుడుపారలు పట్టుకుని దిగాం. కాసేపటికి బావ కూడా వచ్చి పక్క సాలులో కూర్చున్నాడు. తడుస్తూనే ఆరు సాళ్ళూ ముగించాం. పంట నిలిచింది. తప్పు చక్రానిదేనని ఆయన అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు. వాన జోరులో నేనూ అడగలేదు. ఆ రోజే, ఆ బురదలోనే నిలబెట్టి అడగాల్సింది.