మేత ముట్టిన తర్వాత

మా అమ్మ జబ్బుపడి మేత మానేసిన గొర్లకు మందు తాగించేటప్పుడు చూడాలి. గొర్రె మెడను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఎడమ చేత్తో దవడ పట్టి, సీసా మూతిని నోటి పక్క నుంచి పెడుతుంది. మందు పోసిన గొర్రె నెత్తిన ఎర్రమట్టి జాజుతో ఒక బొట్టు పెడుతుంది, మర్నాడు మందలో వెతుక్కునే పని లేకుండా. ఆ బొట్టు గొర్రె గడ్డి కొరికిందంటే చాలు, మందు బంద్. "మేత ముట్టింది" అంటుంది, ఇంక ఒక్క పూట కూడా పోయదు. మా నాయినదీ, మా వైపు గొర్లు కాసేవాళ్లందరిదీ అదే పద్ధతి.

సాయంత్రం దొడ్డి దగ్గర ఆమెది ఇంకో పద్ధతి. మంద లోపలికి పోతుంటే తడిక పట్టుకుని నిలబడుతుంది. కుంటివి, చూడివి, ముసలివి ఎప్పుడూ వెనకే వస్తాయి. "అన్ని వచ్చినయా?" అని నాయినను అడుగుతుంది. ఆయన "వచ్చినయ్" అన్నాకే తడిక వేస్తుంది. చిన్నప్పుడు ఇదంతా చూసి విసుక్కునేదాన్ని. చదువుకున్న పిల్లకు గొర్లతో ఏం పని అనుకునేదాన్ని.

చదువుకున్నాను కూడా. జడ్చర్లలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయన అక్కడే మందులు తయారుచేసే కంపెనీలో పని చేస్తాడు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నాకు తొలి కాన్పు. కట్టంగూర్ దగ్గరి పుట్టింటికి వచ్చాను. ఆపరేషన్ చేసి పాపను తీశారు. అందరూ పాపను చూసి మురిసిపోతున్నారు. నేనూ చూశాను. ఎవరో తమ బిడ్డను నా పక్కన పడుకోబెట్టి, ఇప్పుడే వస్తామని వెళ్లినట్టు అనిపించింది. వాళ్లు వచ్చి తీసుకుపోతే బాగుండునని ఎదురుచూశాను.

రోజులు గడిచాయి. పాప పడుకున్నా నాకు నిద్ర లేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మట్టి నమిలినట్టు ఉండేది. చూడవచ్చిన ఆడవాళ్లు గాలి తగిలిందన్నారు, తాయెత్తు కట్టించమన్నారు. నాకు అసలే ముక్కు మీద కోపం. ఒకామెను ఇంట్లోంచి లేచిపొమ్మన్నాను. అమ్మ ఆమెను వాకిలి దాకా సాగనంపి వచ్చింది, నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

ఆ రోజుల్లోనే మందలో ఒక పడుచు గొర్రె తొలిసారి ఈనింది. పిల్ల దగ్గరికి వస్తే తలతో నెట్టేసేది. నాయిన కర్ర ఎత్తితే అమ్మ ఆపింది.

"కొడితే ఒప్పుకుంటదా? దాని లోపల ఏమైతాందో మనకెర్కనా?"

గొర్రె నాకాలని ఆమె ఆ పిల్ల వీపు మీద ఉప్పునీళ్లు రాసింది. గొర్రె మెడను మోకాళ్ల మధ్య పట్టుకుని పిల్లకు పాలు కుడిపింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, తిట్టకుండా, తొందరపెట్టకుండా. ఆ చేతులు కడుక్కుని లోపలికొచ్చి మంచం మీద నా వెనక కూర్చునేది. నా వీపును తన గుండెకు ఆనించుకుని పాపను నా రొమ్ము దగ్గర పట్టేది. రెండో రోజుకే నాకు సంగతి అర్థమై ఒళ్లు మండింది.

"నేనేమన్న గొర్రెనా?" అన్నాను.

"గొర్రెకు గింత కోపం ఉండదు బిడ్డా" అంది అమ్మ.

ఒకరోజు తల దువ్వుతుంటే నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. "నేను లేకుంటేనే ఈ పిల్లకు మంచిగుంటదేమో అమ్మా." దువ్వెన ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ దువ్వి, జడ వేసి, రబ్బరు బ్యాండు పెట్టింది. ఆ రోజంతా నన్ను ఒంటరిగా వదల్లేదు. మర్నాడు పొద్దున్నే పాపను ఎత్తుకుని, నా చెయ్యి పట్టుకుని నల్లగొండ బస్సెక్కింది. దవాఖానలో ఏ గదికి పోవాలో అడిగి తెలుసుకుని నేరుగా మనసు డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది. దువ్వెన ఆగిన చోట నేను అన్న మాటను డాక్టరుకు తనే చెప్పింది.

డాక్టరు నాకంటే చిన్నది. కాన్పు తర్వాత కొందరు తల్లులకు ఇలా అవుతుందని, ఇది మొండితనమూ కాదు, గాలీ కాదు, జబ్బని చెప్పింది. మెదడులో కబుర్లు మోసే పదార్థాలు ఉంటాయని, వాటిలో సెరటోనిన్ ఒకటని, నిద్రలో, ఆకలిలో, మనసు కుదురుగా ఉండటంలో దానికి పాత్ర ఉందని చెప్పింది. "అది తక్కువైంది, పోస్తే సరిపోతది అనేంత సులువు కాదమ్మా. మాకూ అంతా తెల్వదు. ఈ గోలీ మాత్రం మెదడులో ఉన్నదాన్ని ఇంకొంచెం సేపు నిలబెడ్తది. పాలిచ్చే తల్లికి ఇవ్వదగ్గ మందే రాస్తున్న."

అమ్మ అడిగింది. "గది యాడుంటది బిడ్డా, గా సెరటోనిన్?"

డాక్టరు నవ్వింది. "నిజం చెప్పాల్నంటే ఎక్కువ భాగం కడుపులనే, పేగులల్లనే తయారైతది. కాని అక్కడిది మెదడుకు పోదు. మెదడు తనది తనే చేసుకోవాలె. గోలీ పని చేసేతందుకు వారాలు పడ్తది. బాగైనట్టు అనిపించినా నన్నడగకుండ ఆపొద్దు."

అమ్మ మొదటి మాట పట్టుకుంది, మిగతావి వదిలేసింది. బస్సులో నాతో అంది. "నేను ముందుగాలనే అనుకున్న. ఏదైనా కడుపులనే ఉంటది."

ఆ రోజు నుంచి పొద్దున తిన్నాక తనే గోలీ నా నోట్లో వేసి, మింగేదాకా చూసేది. అటక మీద ఒక స్టీలు డబ్బాలో గోలీలు పెట్టి, మూత మీద జాజుతో బొట్టు పెట్టింది. అది చూసి చాన్నాళ్ల తర్వాత నాకు నవ్వొచ్చింది. నాలుగో వారంలో ఒక పూట పచ్చిపులుసుతో అన్నం తిని, ఇంకొంచెం పెట్టమన్నాను. అమ్మ వడ్డించి, గబగబా పెరట్లోకి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేటప్పటికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది.

మర్నాడు డబ్బా కిందికి దిగలేదు. "మేత ముట్టింది. ఇంక మందెందుకు?" అంది.

ఇక్కడ తప్పు ఆమె మీదికి తోసేస్తే సుఖంగా ఉంటుంది. కానీ డాక్టరు చెప్పింది నేనూ విన్నాను. పదో తరగతి పిల్లల సమాధానాల మీద ఎర్ర పెన్నుతో గీతలు కొట్టే సైన్సు టీచర్ని. అయినా నోరు మూసుకున్నాను. మెంటల్ గోలీలు మింగే మనిషిగా జడ్చర్లకు తిరిగి పోవడం నాకు ఇష్టం లేదు. అమ్మది తెలియక చేసిన తప్పు, నాది తెలిసి చేసినది.

మొదట తల తిరిగింది. బలహీనత అనుకున్నాం. రెండు మూడు వారాలకు నిద్ర కరువైంది, తర్వాత ఆకలి పోయింది. ఒక మధ్యాహ్నం అమ్మ గొర్లకు నీళ్లు పెట్టి వస్తానని వెళ్లింది. పాప ఏడుపు మొదలుపెట్టింది. మంచానికి అటు చివర పాప, ఇటు చివర నేను. చెయ్యి చాపితే అందేంత దూరం. వింటూ కూర్చున్నాను. అమ్మ వచ్చేసరికి పాప గొంతు బొంగురుపోయి, ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. అమ్మ పరుగున వచ్చి ఎత్తుకుంది.

"వినబడ్డది అమ్మా. లేవనీకె రాలే" అన్నాను. జీవితంలో నేను అంత భయంగా చెప్పిన మాట ఇంకోటి లేదు. ఏ తల్లయినా తిట్టే సందర్భం అది. అమ్మ పాపను భుజాన వేసుకుని నా పక్కన కూర్చుంది.

మళ్లీ నల్లగొండ. డాక్టరు అడగకముందే అమ్మ చెప్పింది, గోలీలు నేనే ఆపిన అని. "నేను కూడా" అన్నాను. డాక్టరు కోప్పడలేదు. చాలామందికి ముందు ఆకలి, నిద్ర తిరిగి వస్తాయని, మనసు వాటి వెనక ఆలస్యంగా వస్తుందని చెప్పింది.

"ముందొచ్చిన గొర్లను చూసి తడిక ఏసిన" అంది అమ్మ. "కుంటిది బయటనే ఉండిపోయింది."

డబ్బా మళ్లీ దిగింది. ఈసారి నాకు వేరే రోషం పుట్టింది. బిడ్డ మీద ప్రేమ గోలీ మింగితే వచ్చేదయితే అది నా ప్రేమ ఎట్లా అవుతుంది? ఎవరో కంపెనీలో చేసిన మందు నా బదులు తల్లితనం చేస్తున్నట్టు కదా? ఈ ప్రశ్న డాక్టరును అడగడానికి సిగ్గేసి అమ్మను అడిగాను. అమ్మ జొన్నరొట్టె చేస్తోంది. రొట్టె తిప్పి, దొడ్డి వైపు చూపించింది. ఆ పడుచు గొర్రె ఇప్పుడు పిల్లను పక్కన పెట్టుకుని, ఇంకెవరు దగ్గరికొచ్చినా కాలు నేలకేసి కొడుతోంది.

"ఉప్పు నాకవట్టి దగ్గరికొచ్చింది. అంతమాత్రాన గా పిల్ల దానిది కాకుండ పోయిందా?"

ఆ గొర్రెను చూస్తూ రొట్టె తిన్నాను.

పాప నాదైన రోజు ఏదో చెప్పమంటే చెప్పలేను. ఒకసారి పొరుగింటామె ఎత్తుకుంటే పాప ముఖం చిట్లించింది. నేను అవతలి నుంచి వచ్చి, తల కింద చెయ్యి పెట్టాలని తెల్వదా అని కసిరి, పాపను లాక్కున్నాను. ఆమె నొచ్చుకుని వెళ్లింది. అమ్మ పెరట్లోంచి చూసి, "అగో, కోపం మంచిగైంది" అని నవ్వింది. అయినా మర్నాడు గోలీ తెచ్చింది. నేను జడ్చర్ల వెళ్లేటప్పుడు నాయినకు మంద అప్పగించి, డబ్బా చేత పట్టుకుని నాతో వచ్చింది.

ఏడాది దాటాక డాక్టరు మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించి, ఒకరోజు ఇంక చాలంది. నేను లేవబోయాను. అమ్మ లేవలేదు. ఒళ్లో స్టీలు డబ్బా, దాని మూత ఇంకో చేతిలో. డాక్టరును కాదు, నన్నే చూస్తోంది.

"అన్ని వచ్చినయా?" అంది.

డాక్టరుకు అర్థం కాలేదు. పాప నా కొంగు పట్టుకుని, అడుగులు తడబడుతూ, తలుపు వైపు నన్ను గుంజుతోంది. తిన్నానా, పడుకున్నానా అని కాదు అమ్మ అడిగింది. తొందరపడకుండా లోపలంతా ఒకసారి చూసుకున్నాను.

"వచ్చినయ్ అమ్మా" అన్నాను.

అప్పుడు అమ్మ డబ్బాకు మూత పెట్టింది.