కడిగిన చేతులు

జాలరిపేట ముసలమ్మ చేపలమ్ముకుని వచ్చి, తట్ట దించి, గుమ్మంలోనే కూలబడి చేతులు చాపేది. పెంపుడు కుక్క నల్లోడు ఆ చేతుల్ని వేలువేలునా నాకుతుంటే కళ్లు మూసుకునేది. వాడు ఒళ్లంతా రక్తం వచ్చేలా గోక్కుంటుంటే, పశువుల డాక్టరు చేప పడట్లేదని చెప్పి మాత్రలిచ్చాడు. ముసలమ్మ చేప మాన్పించి గుడ్డూ అన్నమూ పెట్టింది. అయినా దురద తగ్గలేదు.

"ముక్కయినా ఎయ్యలేదు బాబూ, ఒట్టు," అంది మళ్లీ వెళ్లినప్పుడు. డాక్టరు, నల్లోడు నాకుతున్న ఆమె చేతుల వంక చూశాడు.

ఇప్పుడామె ఇంటికొస్తూనే చేతులు కొంగులో దాచుకుంటుంది. "ఆగరా, కడుక్కొని వత్తన్నాను," అంటూ కుళాయి దగ్గర నడుం పట్టేసేదాకా సబ్బుతో తోముకుంటుంది. నల్లోడి పుండ్లు మానాయి, బొచ్చు మొలిచింది. ఆ కడిగిన చేతులు చాపితే మాత్రం వాడు ఒకసారి వాసన చూసి, ముసలమ్మ ఇంకా రాలేదన్నట్టు వీధివైపు తిరిగి కూర్చుంటాడు.