గడియారాల చాచా చూసిన సబ్‌మెరైన్

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. ఇంట్లో ఎవరు ఏం అడిగినా జేబులోంచి ఫోన్ తీసి, అందులో చూడకుండానే జవాబు చెప్పేవాణ్ని. పాతబస్తీ ఛత్రినాకలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే మా పెద్దబాపు, అంటే మా నాన్న అన్న, పాపం ఇదంతా నిజమనుకున్నాడు. అందుకే తనకూ, పక్క దుకాణం గడియారాల చాచాకూ విశాఖపట్నం చూపించుకొచ్చే పని నా నెత్తిన పెట్టాడు.

చాచాది యాకుత్‌పురా. రోజూ నడుచుకుంటూ వచ్చి, చిన్న భూతద్దం కంటికి తగిలించుకుని, పొద్దుగూకేదాకా గడియారాల కడుపులోకి చూస్తూ కూర్చునేవాడు. పండగలకు తప్ప దుకాణం మూసి ఎరగడు. అలాంటి మనిషి కదిలింది సముద్రం కోసం కాదు, అక్కడ బీచ్ రోడ్డు పక్కన ఒడ్డుకెక్కించి మ్యూజియంగా మార్చిన సబ్‌మెరైన్ కోసం. "జిందగీ మొత్తం చిన్న మిషన్ల లోపల చూసిన బేటా. గా పెద్ద మిషన్ లోపటికి ఒక్కసారి పోయి చూడాలె" అన్నాడు. నాతో అని ఊరుకున్నా బాగుండేది. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూడా అనేశాడు. గల్లీకంతా తెలిసిపోయింది. తిరిగొచ్చాక లోపల ఎలా ఉందో చెప్పకపోతే ఆ హోటల్లో ఆయన తలెత్తుకుని చాయ్ తాగలేడు.

ప్రోగ్రాం నేనూ పెద్దబాపూ కలిసి వేశాం. శుక్రవారం పొద్దున రైలు దిగుతాం. ఆ రోజు మ్యూజియంలు ఎలాగూ మూసి ఉంటాయి కాబట్టి విశ్రాంతి, చాచాకు జుమ్మా నమాజు. (మూసీ ఒడ్డున ఉన్న మా మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ రోజు పోయి తాళం చూసి వెనక్కి రాని పిల్లవాడు మా పాతబస్తీలో ఉండడు. లోకంలోని మ్యూజియాలన్నీ అంతేనని మా లెక్క.) శనివారం సింహాచలం, కైలాసగిరి. ఆదివారం భీమిలి. ఇక సబ్‌మెరైన్‌కు ఆదివారమైతే జనం తోసుకుంటారు, చాచా తీరుబడిగా చూడాలి, కాబట్టి దాన్ని సోమవారానికి పెట్టాం. సాయంత్రం రైలెక్కేస్తాం. ఫోన్ నా చేతిలోనే ఉంది. కానీ తెలిసిన సంగతిని ఎవరు వెతుకుతారు?

మొదటి మూడు రోజులూ హాయిగా గడిచాయి. సింహాచలంలో పెద్దబాపు దర్శనం చేసుకుని వచ్చేసరికి చాచా మెట్ల దగ్గర సంపెంగలు కొని, ఇంట్లో చాచీ కోసం టిఫిన్ డబ్బాలో దాచి కూర్చున్నాడు. కైలాసగిరి మీద, గోల్కొండ ఎక్కిన కాళ్లకు ఇదొక లెక్కా అంటూ పెద్దబాపు రొప్పాడు. భీమిలిలో డచ్చివాళ్ల పాత సమాధులు చూపిస్తూ నేను చరిత్ర మొదలుపెట్టగానే, "గిసోంటి గోరీలు మా దిక్కు గల్లీకొకటి ఉన్నయి బేటా" అని చాచా మెల్లగా గాలి తీశాడు. అయినా వాటి ముందు నిలబడి దువా చేశాడు. ఇంత దూరం వచ్చి పోయినవాళ్ల కోసం ఎవరు చేస్తారు మరి, అన్నాడు.

సోమవారం చాచా ఇస్త్రీ షేర్వానీ వేసుకుని, భూతద్దం జేబులో పెట్టుకుని తయారయ్యాడు. వెళ్లి చూస్తే గేటుకు తాళం. కాపలాదారు అరటిపండు తింటూ, ఇవాళ సెలవన్నాడు. పెద్దబాపు ఊరుకుంటాడా? "మ్యూజియం బందుండేది జుమ్మా రోజు కదా, సోమారం ఏంది గిది?" అని లొల్లికి దిగాడు. కాపలాదారు తొక్క పక్కన పెట్టి, "శుక్రవారమేంటండీ బాబూ? ఇక్కడ ఎప్పుడూ సోమవారమే" అన్నాడు.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చాచా కంచె పట్టుకుని ఆ నల్లటి పొడుగాటి దేహాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. భూతద్దం తీసి, మళ్లీ జేబులో పెట్టేశాడు. టికెట్లు మార్చి రేపటిదాకా ఉందామని నేను బతిమాలితే, "నక్కో బేటా. ఒకల పెండ్లి గడియారం ఉన్నది దుకాన్ల. మాటిచ్చిన" అన్నాడు. రైల్లో దారి పొడుగునా కిటికీలోంచి చీకట్లోకి చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు చాయ్ హోటల్ నిండా జనం. లోపల ఎట్లుండె చాచా అని ఒకరు అడగనే అడిగారు. నేను చాయ్ కప్పులోకి తల వంచాను. చాచా సాసర్ కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు. "బయటికెల్లి చూస్తె ఇనుము. లోపట మొత్తం గడియారమే. చక్రంల చక్రం, చక్రంల చక్రం. చెవి పెడితె టిక్ టిక్ మంటది. మంచాలు గింతగింతే, ఒకడు లేస్తెనే ఇంకోడు పంటడు." అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. ఎవరో నమ్మనట్టు నవ్వితే నా వైపు చెయ్యి చూపించి, "పక్కనే ఉండె, అడుగు" అన్నాడు. ఔను, గట్లనే ఉండె అన్నాను. ఆ తర్వాత చాలా కాలం ఆ హోటల్లో చాచా మాటకు తిరుగులేదు.

మొన్నీమధ్య మా ఆవిడతో విశాఖ వెళ్లాను. (సెలవు రోజేదో ముందే ఫోన్లో చూసుకున్నాను, రెండుసార్లు.) ఆ సబ్‌మెరైన్ లోపలికి వెళ్లాను. గొట్టాలూ, మీటర్లూ, చక్రాలూ, నిజంగానే గింతగింత మంచాలూ. ఎవరూ చూడకుండా గోడకు చెవి పెట్టాను. ఏ చప్పుడూ లేదు. ఎందుకో చాలా దిగులేసింది.

తిరిగొచ్చాక చాచా దగ్గరికి వెళ్లాను. కళ్లు మసకబారి పనులు తగ్గించుకున్నాడు గానీ దుకాణం మాత్రం తెరుస్తూనే ఉన్నాడు. నేను సబ్‌మెరైన్ చూసొచ్చానని చెప్పగానే, పక్కన ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి, "సచ్ చెప్పు బేటా. లోపట ఎట్లున్నది?" అని అడిగాడు.

"మీరు చెప్పినట్లనే ఉంది చాచా. టిక్ టిక్ మంటున్నది."

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు, గడియారం కడుపులోకి చూసినట్టు. తర్వాత నవ్వి, ఎదురు హోటల్ వైపు చెయ్యెత్తి రెండు చాయ్‌లు చెప్పాడు. అన్నీ తెలుసనుకున్న ఆ కుర్రాడు ఇప్పుడు నాలో లేడు. కానీ ఎవరైనా ఆ సబ్‌మెరైన్ గురించి అడిగితే, చెవి పెట్టి చూడండి, టిక్ టిక్ మంటుంది అనే చెబుతున్నాను.