అయోడిన్ గదిలో ఫ్యాను

మొన్నామధ్య మా ఆడపడుచుకి థైరాయిడ్ వైద్యం కోసం తోడు వెళ్ళి, బెంజ్ సర్కిల్ దగ్గర కొత్తగా పెట్టిన స్కానింగ్ సెంటరులో రెండు గంటలు కూర్చున్నాను. ఆవిడకి ఇవ్వవలసిన రేడియో అయోడిన్ మందు సీసపు డబ్బాలో ఒక చిన్న క్యాప్సూలుగా వచ్చింది. తెచ్చిన అమ్మాయి మూత తీసి, గ్లాసుతో నీళ్ళు అందించి, మింగేయండి ఆంటీ అంది, అంతే, అయిపోయింది. మా ఆడపడుచు క్యాప్సూలును చూసి భయపడుతుంటే నేను మాత్రం ఆ అమ్మాయి వెనక గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యానునీ, అది తిరుగుతోందని చెప్పే పచ్చదీపాన్నీ చూస్తూ ఉండిపోయాను. ఫ్యాను ఆగితే ఏమవుతుందమ్మా అని అడిగితే, గంట మోగుతుందండీ అని చెప్పి, ఈ పెద్దావిడకి ఫ్యాను సంగతెందుకా అన్నట్టు చూసింది. నేనూ ఒకప్పుడు ఆ ఉద్యోగమే చేశానని చెప్పలేదు, చెబితే మా కాలంలో అంటూ మొదలుపెడతానని నాకే భయం. మీరంటే నా ఈడువాళ్ళు, వినే ఓపిక ఉన్నవాళ్ళు, కనుక మీతో చెప్పుకుంటున్నాను.

తొంభైల చివర్లో నేను పామర్రు నుంచి రోజూ బస్సులో విజయవాడ వచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ టెక్నీషియనుగా పనిచేసేదాన్ని. న్యూక్లియర్ అన్న మాట వినగానే మా మామగారు బాంబుల వ్యవహారం అనుకుంటే, ఎక్స్‌రే లాంటిదే లెండి అని మా అత్తగారు సర్దిచెప్పారు. మా విభాగమంతా కలిపి రెండు గదులు. పెద్దగదిలో ఏసీ, స్కాన్ తీసే కెమెరా, పక్కన అయోడిన్ గది. అప్పట్లో అయోడిన్ క్యాప్సూలుగా కాదు, నీళ్ళమందుగా సీసాలో వచ్చేది, ప్రతి మంగళవారం ఆ సీసా తెరిచి పేషెంట్లకు కొలిచి పోయవలసి వచ్చేది. మూత తీసేసరికి అందులో కాస్త ఆవిరై గాలిలో కలుస్తుంది. అది కంటికి కనబడదు, పీల్చినవాళ్ళ మెడలో థైరాయిడ్ గ్రంథిలో చేరి కూర్చుంటుంది. అందుకే గాజు తలుపున్న పెట్టెలో సీసా పెట్టి, ఆ గాలిని బయటికి లాగేసే ఫ్యాను వేసుకుని పోయాలి.

ఎండాకాలం వచ్చిందంటే ఆ ఫ్యానుతో మాకు పెద్ద తంటా. అది అయోడిన్ ఆవిరితో పాటు పెద్దగదిలోని ఏసీ చల్లదనాన్ని కూడా లాగేసేది. బెజవాడ ఎండలు మీకు చెప్పాలా, గది కాస్త వేడెక్కితే చాలు, కెమెరా మొరాయించేది, వరండాలో పేషెంట్లు గొడవకి దిగేవారు. ఫ్యాను స్విచ్చి కెమెరా గదిలోనే ఉండటంతో, కాసేపే కదా అని ఆపేసేవాళ్ళం. ఆపేసేవాళ్ళం అంటున్నాను గానీ, ఎక్కువసార్లు ఆపింది నేనే. చొక్కాలకి తగిలించుకునే రేడియేషన్ బ్యాడ్జీలను మూడు నెలలకోసారి పరీక్షకు పంపితే ఎప్పుడూ సున్నాయే వచ్చేది, ఇంకేం, మాకు ధైర్యం. ఆ బ్యాడ్జి బయటి నుంచి తగిలే కిరణాలనే పట్టుకుంటుందనీ, ఊపిరితో లోపలికి పోయింది దానికి తెలియదనీ మేము చదువుకున్నాం, పరీక్షలో రాశాం, అక్కడే వదిలేసి వచ్చాం.

మా సీనియరు టెక్నీషియన్ వన్‌టౌన్ నుంచి సైకిలు మీద వచ్చేవారు. డాక్టరుగారి దగ్గర నుంచి ఆయా దాకా ఆయన్ని భాయ్ అనే పిలిచేవాళ్ళం. అయోడిన్ పోసే పని మా ఇద్దరిదీ, ఒక వారం ఆయన, ఒక వారం నేను.

అంతకు ముందు ఏడాది నాకు మూడో నెలలో గర్భం పోయింది. మళ్ళీ నెల తప్పినప్పుడు, ఐదో నెల వచ్చేదాకా బయట ఒక్కరికి కూడా చెప్పొద్దు, దిష్టి తగులుతుంది అని మా అత్తగారు ఒట్టు వేయించుకున్నారు. ఉద్యోగంలో చేరేటప్పుడు నేను సంతకం పెట్టిన కాగితంలో, గర్భవతినని తెలియగానే డాక్టరుగారికి చెప్పాలని స్పష్టంగా ఉంది, చెబితే ఆ గది ఛాయలకు కూడా రానివ్వరు. అయినా చెప్పలేదు. అత్తగారి మాట కాదనలేక అని అందరితో అంటుంటాను గానీ, నిజానికి దిష్టికి నేనే భయపడ్డాను. సైన్సు చదువుకున్న మనిషిని, నవ్వితే నవ్వండి.

సరిగ్గా ఆ వేసవిలోనే భాయ్ నా వంతు కూడా ఆయనే చేయడం మొదలుపెట్టారు. మంగళవారం అయోడిన్ సీసా రాగానే నా చేతిలో ఏవో ఫైళ్ళు పెట్టి, కెమెరా దగ్గర కూర్చో చెల్లెమ్మా అని, తను లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేవారు. ఒకసారి సరే, రెండోసారి సరే, మూడోసారి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆడపిల్లకి ఈ పని రాదనుకుంటున్నారని తిన్నగా వెళ్ళి డాక్టరుగారికి ఫిర్యాదు చేశాను. ఆయన భాయ్‌ని పిలిచి అడిగితే, అమ్మాయి చెయ్యి ఇంకా కుదురుకోలేదు సార్ అని నా ఎదుటే చెప్పి తల దించుకుని నిలబడ్డారు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ తరవాతి మంగళవారాలు కూడా ఆయన లోపల పోస్తూనే ఉన్నారు, నేను ఉక్కకి కళ్ళు తిరిగి, కెమెరా వంక పెట్టుకుని ఫ్యాను ఆపేస్తూనే ఉన్నాను.

తరవాత తనిఖీకి వచ్చిన అధికారులు, అయోడిన్ దగ్గర పనిచేసేవాళ్ళ మెడలు కూడా పరీక్షించాలన్నారు. పేషెంట్ల మెడ దగ్గర పెట్టే యంత్రం ముందే మమ్మల్ని ఒక్కొక్కరిని కూర్చోబెట్టారు. అప్పటికి నాకు నాలుగో నెల. ఆ నెలకి కడుపులో బిడ్డకి కూడా థైరాయిడ్ ఏర్పడి అయోడిన్ని తీసుకుంటుందని పుస్తకంలో చదివి ఉన్నాను కనుక, నా మెడలో తేలితే బిడ్డ మెడలో ఉన్నట్టే. భాయ్ ముందు కూర్చున్నారు, యంత్రం మీద అంకెలు ఆగకుండా పరుగెత్తాయి. చర్మానికి ఏమైనా అంటుకుందేమోనని డాక్టరుగారు ఆయన మెడ కడిగించి మళ్ళీ చూశారు, అదే లెక్క. నా వంతు వచ్చింది, అంకెలు ఖాళీ కుర్చీకి చూపించినట్టే చూపించాయి.

వరండాలో భాయ్‌ని పట్టుకుని, నా సంగతి మీకు ముందే తెలుసా అని అడిగాను.

"నలుగురు పిల్లల తండ్రిని చెల్లెమ్మా. రోజూ క్యారేజీ విప్పి, వాసన చూసి, మూత పెట్టేస్తుంటే తెలీదా?"

మరి డాక్టరుగారి ముందు నా చేత అన్ని మాటలు పడేబదులు ఉన్న సంగతి చెప్పేయకపోయారా అన్నాను.

"నువ్వు చెప్పనిది నేనెట్టా చెప్తానమ్మా?"

ఆ సాయంత్రమే డాక్టరుగారికి చెప్పేశాను, దిష్టి సంగతి దేవుడెరుగు. మా అమ్మాయి నిక్షేపంగా పుట్టింది, ఇప్పుడు కాలేజీలో లెక్కలు చెబుతోంది. భాయ్ మెడలోని అయోడిన్ కొన్ని వారాలకి తగ్గిపోయింది గానీ, ఐదారేళ్ళ తరవాత ఆయన థైరాయిడ్ పని చేయడం మానేసి, జన్మంతా మాత్ర వేసుకోవలసి వచ్చింది. దానివల్లేనా అని ఎందరు డాక్టర్లను అడిగానో లెక్కలేదు, అవుననీ అనలేదు, కాదనీ అనలేదు, ఊళ్ళో సగంమంది ఆ మాత్రే వేసుకుంటున్నారు కదమ్మా అన్నారు. ఆ ఫ్యాను ఆపింది నేనని మాత్రం భాయ్‌కి ఇన్నేళ్ళూ చెప్పలేకపోయాను.

మొన్న సెంటరు నుంచి మా ఆడపడుచుని ఇంట్లో దింపి, వన్‌టౌనులో భాయ్ ఇంటికి వెళ్ళాను. వాళ్ళావిడ టీ ఇచ్చి లోపలికి వెళ్ళాక, గ్లాసు చేతిలో పట్టుకుని చెప్పేశాను. భాయ్ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"చప్పుడు ఆగిపోతే లోపలున్నవాడికి తెలీదా చెల్లెమ్మా? కాసేపు చల్లగా కూర్చుంటావులే అని ఊరుకున్నా."

బస్సులో వస్తూ ఏడ్చాను, పక్కనావిడ ఒంట్లో బాగాలేదా అని కూడా అడిగింది. ఇప్పుడు ఫ్యాను ఆగితే గంట మోగుతుంది. గర్భవతినని ఫోనులో ఒక్క ముక్క చెబితే తెల్లారేసరికి డ్యూటీ మారుతుంది. ఎవరూ ఎవరి కోసమూ ఊరుకోనక్కర్లేదు, ఊరుకోకూడదు కూడా. మా రోజులే గొప్పవని నేను చచ్చినా అనను. మా గదిలో కూడా ఆ పచ్చదీపం ఉండి ఉంటే భాయ్ ఎంత మంచివారో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు, తెలియకపోయినా బాగుండేది.