లీకు పట్టే యంత్రం బాకీ

ముందు పోయినవి చెబుతాను. మట్కా కుల్ఫీలు నలభై రెండు. ఒక్కోటి ముప్పై రూపాయలు. కుల్ఫీ కరిగినా కుండ మిగిలింది కాబట్టి కుండకు ఐదు తీసేసి ఇరవై ఐదు చొప్పున కట్టాను: వెయ్యిన్నీ యాభై. కప్పు ఐస్‌క్రీములు పదిహేను, మూడు వందలు. ఫ్యామిలీ ప్యాకులు రెండు, ఐదు వందలు. మా చేతి నుంచి పెట్టుకున్న ఫ్యాన్ మోటరు ఎనిమిది వందల యాభై. అడగడానికి మొహం చెల్లక వదిలేసిన కూలి ఆరు వందలు. మొత్తం మూడు వేల మూడు వందలు. ఇదంతా ఒక మే నెల మధ్యాహ్నం, బొల్లారంలో ఒక అక్క నడిపే కుల్ఫీ కొట్లో పోయింది.

నేను ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. సికింద్రాబాద్‌లో చిన్న షాపు, అందులో నేనూ మా బామ్మర్దీ. గ్యాస్ ఎక్కడ కారుతోందో తెలియాలంటే పైపు అతుకులకు సబ్బునురగ రాసి, బుడగ లేస్తుందేమో చూడటం మా పద్ధతి. ఆ ఎండాకాలం నేను లీకు పట్టే యంత్రం కొన్నాను. టార్చిలైటంత ఉంటుంది, ముందు వంగే మూతి. గ్యాస్ వాసన తగిలితే కుయ్ కుయ్ అంటుంది. ధర పదహారు వేల ఎనిమిది వందలు. ఆ డబ్బు మా ఆవిడ ఎత్తిన చిట్టీది. దాంతో మా పడకగదికి ఏసీ కొనాలని ఆమె ఆశ.

"ఊరందరి ఇండ్లు సల్లగ జేస్తవ్. మనింట్ల మాత్రం కూలర్‌ల నీళ్లు పోస్కుంట కూసోవాల్నా నేను?" అంది.

"ఒక్క ఎండకాలం ఆగు. దాని ధర అదే సంపాదించుకుంటది. ఆ పైసల్తోనే ఏసీ."

"లెక్క చెప్తవా మరి?"

"పైసతో సహా."

బొల్లారం అక్క ఫ్రీజరే ఈ యంత్రానికి మొదటి బేరం. కూలింగ్ సరిగ్గా లేదు, సరుకు మెత్తబడుతోంది. మామూలుగా మేము సంచి విప్పకముందే ఫ్రీజరు వెనక జాలీకి అరచెయ్యి ఆనించి, వేడిగాలి వస్తోందా లేదా చూస్తాం. ఆ రోజు నా చేతిలో కొత్త యంత్రం ఉంది. చెయ్యి ఖాళీ లేదు.

సరుకంతా తీసి థర్మాకోల్ పెట్టెలో సర్దించాను. పట్టనివి బకెట్లలో పెట్టించాను. బామ్మర్ది వంగి టార్చి పట్టుకున్నాడు. మూతి పెట్టానో లేదో, కుయ్ అంది. సుద్దముక్కతో గుర్తు పెట్టాను. పక్క అతుకు దగ్గర మళ్లీ కుయ్. ఇంకో గుర్తు. తొమ్మిది లీకులు తేలాయి. అందులో రెండు అసలు పైపే లేని చోట ఉన్నాయి.

"తొమ్మిదా? ఫ్రీజర్ కొన్ననా, జల్లెడ కొన్ననా తమ్మీ?" అంది అక్క.

"జెర ఆగక్కా, మిషన్ అబద్ధం చెప్పది."

"నా కుల్ఫీలు గూడ అబద్ధం చెప్తలేవు. కరుగుతున్నయ్."

రెండు గంటలు గడిచాయి. బామ్మర్ది చాయ్ తేవడానికి పోయాడు. నేను ఒకటో లీకు నుంచి మళ్లీ సరిచూశాను. చప్పుడు లేదు. తొమ్మిదీ మూసుకుపోయాయి! ఇంతలో వాడు చాయ్ తెచ్చి పక్కన నిలబడ్డాడు. కుయ్ కుయ్. మూడు అడుగులు వెనక్కి జరగమన్నాను. చప్పుడు ఆగింది. ముందుకు రమ్మన్నాను. మళ్లీ మొదలైంది.

"జేబుల ఏముందిరా?"

"ఏం లేదు బావా."

మూతిని వాడి ప్యాంటు జేబు దగ్గర పెట్టాను. ఆగకుండా అరిచింది. వాడు సిగ్గుపడుతూ చిన్న సెంటు స్ప్రే డబ్బా బయటికి తీశాడు. సాయంత్రం పెళ్లిచూపులకు పోవాలట. ఫోను ఒరుసుకుని డబ్బా మీట సగం నొక్కుకుపోయి, లోపలి గ్యాస్ కొద్దికొద్దిగా కారుతోంది. యంత్రం అబద్ధం చెప్పలేదు. లీకు నిజంగానే ఉంది. కాకపోతే ఫ్రీజరుకు కాదు, బామ్మర్దికి.

అప్పుడు వెనక జాలీకి అరచెయ్యి ఆనించాను. గాలి లేదు. ఫ్యాన్ మోటరు కాలిపోయింది. మార్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

"నీ మిషన్ మంచిదే తమ్మీ," అంది అక్క బకెట్లోకి చూస్తూ. "పెండ్లికొడుకులను మస్తు పడ్తది."

సరుకు డబ్బు ఆ సాయంత్రమే అక్కకు కట్టేశాను. చొక్కా మీద కుల్ఫీ మరకలతోనే బామ్మర్ది పెళ్లిచూపులకు పోయాడు. ఎందుకు ఆలస్యమైందని అడిగితే జరిగింది చెప్పాడట. పిల్ల పడీ పడీ నవ్విందట. సంబంధం కుదిరింది.

యంత్రం పనికిరానిదని అనను. బేగంపేటలో ఒక ఆఫీసు ఫాల్స్ సీలింగ్ మీద పైపుకు సన్నటి చిల్లు పడింది. సీలింగ్ అంతా విప్పాల్సిందేనని అంతకుముందు వచ్చినవాళ్లు అన్నారట. ఒక్క పలక జరిపి మూతి పైకి దూర్చాను, దొరికింది. ఆ ఒక్క పనికే ఆరు వేల ఐదు వందలు ముట్టాయి. సబ్బునురగకు ఎలాగూ దొరికే లీకైతే మాత్రం దాని పేర పైసా జమ కట్టను. ఇప్పుడు మా పద్ధతి ఇది: ముందు అరచెయ్యి, తర్వాత బామ్మర్ది జేబులు, ఆ తర్వాత యంత్రం.

కొన్న ధరకు ఆనాటి నష్టం కలిపితే ఇరవై వేల ఒక వంద. రెండు ఎండాకాలాల్లో అది సంపాదించింది పదిహేడు వేల ఏడు వందల అరవై. మిగిలినది ఎంతో మా ఆవిడకు కంఠతా వచ్చు.

"మా తమ్ముని పెండ్లి గూడ జమ కట్టు, బాకీ తీరిపోతది," అంటుంది కూలర్‌లో నీళ్లు పోస్తూ.

కట్టలేదు. ఆ పెళ్లి లాభమో నష్టమో బామ్మర్ది ఇంకా తేల్చి చెప్పలేదు. మాట మాటే, లెక్క లెక్కే. ఇవాళ్టికి ఆ యంత్రం మా పడకగదికి బాకీ ఉన్నది రెండు వేల మూడు వందల నలభై రూపాయలు.