సిలోన్ కాలనీలో మా తొలి శెనక్కాయలు

చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదీ చేని గట్టున నిలబడి, శెనక్కాయ చెట్లకి కాయలు ఎప్పుడు వేలాడతాయా అని ఎదురుచూశామంటే నమ్ముతారా... నవ్వుకోండి, పరవాలేదు!

మాది చిత్తూరు పక్కన సిలోన్ కాలనీ. ముత్తాతల నాడు కూలికని సముద్రం దాటి సిలోన్‌కి, అంటే ఇప్పటి శ్రీలంకకి, పోయిన కుటుంబం. మా అమ్మా నాయనా అక్కడి తేయాకు తోటల్లోనే పుట్టి పెరిగారు. ఇక మీ దేశం పొమ్మని అక్కడి ప్రభుత్వం ఓడెక్కించి పంపేస్తే, ఇక్కడ ప్రభుత్వం ఒక పెంకుటిల్లు, రెండెకరాల మెట్టచేను, విత్తనాలు ఇచ్చింది. ఆకు గిల్లడం తప్ప మావాళ్ళకి ఇంకో పని తెలీదు. వేయించిన శెనక్కాయలు తిన్నారు గానీ, చెట్టుని చూసిన పాపాన పోలేదు.

పంట తీయకపోతే చేను వెనక్కి లాక్కుంటారని కాలనీ అంతా ఒకటే బెంగ...

పక్కవాళ్ళని చూసి విత్తాం. వానలూ బాగానే పడ్డాయి. చేను పచ్చగా లేచి పసుప్పచ్చ పూలు పూస్తే, మా అమ్మ దిష్టి కూడా తీసింది! తర్వాత పూలన్నీ వాడిపోయాయి... కాయ ఒక్కటీ కనబడలేదు. నాయనకి అన్నం సయించలేదు. "మళ్ళీ యాడికి పోవాల్రా దేవుడా" అని తల పట్టుకుని కూర్చున్నాడు.

ఆఖరికి పక్కచేను మునెమ్మక్కతో అమ్మ చెప్పేసింది. "అక్కా, చెట్టుకి కాయే పట్టలేదు. నీ మేకలన్నా తోలుకో, మేసి పోతాయి."

మునెమ్మక్క ఒక చెట్టు పట్టుకుని పెరికింది. మట్టి దులిపితే కింద గుత్తులు గుత్తులుగా కాయలు!

"ఏం మనుసులమ్మా మీరు! కాయ బూమిలో పెట్టుకోని చెట్టుపైన ఎతకతా ఉండారే!" అని గట్టు మీద కూలబడి పడీ పడీ నవ్వింది. నాయన ముందు సిగ్గుపడ్డాడు... తర్వాత మా అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ సాయంత్రం అమ్మ ఉప్పేసి కుండెడు పచ్చికాయలు ఉడకబెట్టింది. కాలనీ పిల్లలందరం పొట్ట పగిలేలా తిన్నాం. మళ్ళీ పొమ్మంటారేమోనని అమ్మ అప్పటిదాకా ఓడలో తెచ్చిన గోనెమూట విప్పలేదు. ఆ పొద్దు విప్పి, చీరలన్నీ దండెం మీద వేసింది. నాకెంత సంతోషమో చెప్పలేను.

ఇప్పుడు కాలనీలో అన్నీ మిద్దెలే. మా చేను మామిడితోపు అయింది. ఉడికించిన శెనక్కాయలు బస్టాండులో కొనుక్కుంటున్నాం...

మీ ఇళ్ళలోనూ కొత్త నేల మీద తొలి పంట కబుర్లుంటే రాయండి, మా మనవరాలికి చదివి వినిపిస్తాను. మేం సిలోన్ నుంచి వచ్చామంటే అది నమ్మడమే లేదు... "పో అవ్వా, మనం ఈడోళ్ళమే కదా" అంటుంది.