మొగులు పట్టిన సమ్మె

హాలియా దగ్గర డ్రైయర్ లేని పాత రైసుమిల్లులో పదకొండేళ్లు పనిచేశాను. ఉడకబెట్టిన వడ్లను ఎండలో పరిచి, కాళ్లతో తిరగేయడం మా ఆడవాళ్ల పని. హమాలీల పేర్లు మిల్లు రిజిస్టర్లో ఉండేవి, మావి లేవు. పేరు లేకపోతే పీఎఫ్ లేదు, దెబ్బ తగిలితే అడిగే దిక్కు లేదు. తెలంగాణ వచ్చిన మరుసటేడు నల్గొండ వెళ్లి యూనియన్‌లో చేరాం. అక్కడ ఆటోవాళ్లు, బడుల్లో వంటచేసే ఆడవాళ్లు కూడా కనిపించారు. అందరి గోసా ఒకటేనని తెలిశాక నాకు కుదురు లేకుండా పోయింది. మా పేర్లు రిజిస్టర్లో ఎక్కాలని మిల్లులో ఆడవాళ్లందరినీ నేనే వెంటపడి సమ్మెకు ఒప్పించాను.

మొదటిరోజు గేటు బయట కూర్చున్నాం. లోపల సేటు లారీవాళ్లతో వడ్లు పరిపించాడు. మధ్యాహ్నానికి మొగులు పట్టింది. మొదటి చినుకు పడగానే నేను లేచి ఉరికాను. ఆలోచించనే లేదు. నా వెనకే అందరూ వచ్చారు. వడ్లు కుప్పచేసి, పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాకగానీ మేం సమ్మెలో ఉన్నామని గుర్తు రాలేదు. సేటు వరండాలో నిలబడి నవ్వాడు.

"మీకెందుకమ్మా యూనియన్? మీరు మా ఇంటోళ్లే గద!"

సిగ్గుతో చచ్చిపోయాను. మా అందరిలోకీ పెద్దది, నేను పెద్దమ్మా అని పిలిచే ఆమె, ఇంటికి పోయేదాకా తిడుతూనే ఉంది.

"మమ్ముల కూసోవెట్టింది నువ్వే, ముందుగాల ఉరికింది నువ్వేనాయె. గిదేం సమ్మెనే?"

మూడోనాడు మళ్లీ మొగులైంది. ఈసారి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, వడ్లకు వీపు పెట్టి కూర్చున్నాం. వాన దంచికొట్టింది. లారీవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, లోపల గుమాస్తా ఒక్కడే పట్టా లాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. పెద్దమ్మ నా మణికట్టు వదల్లేదు.

"పోకు బిడ్డా. నన్ను గూడ పోనియ్యకు."

రైతుల కష్టం అలా నానిపోతుంటే ఏడుపు ఆగలేదు. సేటు మీద కోపం, నా మీద నాకే కోపం.

మర్నాడు రిజిస్టర్ గేటు దగ్గరికే వచ్చింది. పదకొండేళ్లుగా నన్ను "ఓ అమ్మా" అని పిలిచిన గుమాస్తా నా పేరేమిటని అడిగాడు. ఇంటిపేరుతో సహా చెప్పాను. అతను ఒక్కో అక్షరం తీరిగ్గా రాస్తున్నాడు. ఎండ కాస్తోంది. తడిసిన వడ్లను ఇంకా ఎవరూ పరచలేదు.

"జర జల్ది రాయి సారూ," అన్నాను. "వడ్లు ముక్కిపోతయి."